లావు తీగ

పొద్దున్నే కొట్టు తలుపులు తీయగానే దవడాయన చేసే మొదటి పని ఊడవడం. దుమ్ము తర్వాత, ముందు స్వరాలు. ముందురోజు గిటార్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు ఇది గిల్లి, అది గిల్లి, కొన్నా కొనకపోయినా తీగ మీద చెయ్యి పెట్టకుండానే లేచిపోతారు. అరచెయ్యి ఆనించి ఆపకపోతే ఆ స్వరం పాపం ఎక్కడికి పోతుంది? అక్కడే ఉండిపోతుంది. సన్నవి పైకెళ్ళి ఫ్యాను రెక్కలకి అంటుకుని, రెండ్రోజుల్లో ఎండి రాలిపోతాయి. లావువి బరువు కదా, కిందకి దిగుతాయి. బల్లల కిందా మూలల్లోనూ చేరి, పాలు తాగిన పిల్లిలా గుర్రుమంటూ పడుంటాయి. చీపురు తగిలితే అరికాళ్ళు జివ్వుమంటాయి. చేటలోకి ఎత్తి కాలవలో పోస్తే, నీళ్ళతోపాటు మూలుక్కుంటూ పోతాయి.

"ఏమయ్యా, నా కుర్చీ కింద సరిగ్గా ఊడ్చావా?" అనేవాడు కొట్టు ఓనరు. "కూర్చుంటే నడుం అదురుతోంది."

"నడుం నొప్పికి మంచిదటండి."

"నీకేం, నీ దవడకి అలవాటైపోయింది."

దవడాయన అని పేరెందుకొచ్చిందంటే, కొట్టుకి ఏ గిటారొచ్చినా ఆయన ముందు కరెంటు పెట్టి చూడడు. చెక్క అంచుని దవడ ఎముకకి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, ఒక్కో తీగా మీటుతాడు. చెవి మోసపోతుందిగానీ ఎముక మోసపోదంటాడు. మనిషి బిడియస్తుడు. ఎదుటివాళ్ళ మొహం చూసి రెండు ముక్కలు మాట్లాడలేడు. కానీ వస్తువు గురించి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. ఓనరు పక్కనుండి కాలు తొక్కినా సరే, "ఇది వద్దండీ, దీని మెడ వంకర" అనేవాడు. ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు, ఒక్కసారి తప్ప.

ఆయన ఉండేది చచ్చిపోయిన అన్నయ్య ఇంట్లో, వదినా, అన్నయ్య కూతురూ, తనూ. అన్నయ్య ఒక బ్యాండులో బేస్ గిటారు వాయించేవాడు. నాలుగే తీగలు, లావు తీగలు. పాట పాడేవాళ్ళని అందరూ చూస్తారు, బేస్ వాయించేవాణ్ణి ఎవరూ చూడరు. కానీ వాడు ఆపితే మాత్రం పాట కాళ్ళ కింద నేల తీసేసినట్టుంటుంది. ఆరేళ్ళ కిందట ఒక పొద్దున, అన్నయ్య వెనక గదిలో కిటికీ పక్కన కూర్చుని, తీగలు సరిచూసుకుంటున్నాడు. నాలుగింటిలోకీ లావు తీగని ఎక్కడా నొక్కకుండా ఒట్టిగా మీటాడు. అంతకన్నా కింద స్వరం ఇంక లేదు. అప్పుడే వీధిలో బ్యాండు బస్సు హారను కొట్టింది. "నాన్నా, బస్సు!" అని పిల్ల అరిచింది. "వస్తున్నానే పిచ్చుకా" అంటూ లేచాడు. జీవితంలో ఎప్పుడూ మర్చిపోనివాడు, ఆ రోజు తీగ మీద చెయ్యి పెట్టడం మర్చిపోయాడు. సాయంత్రం వానలో ఆ బస్సు లోయలో పడింది. మనిషీ పోయాడు, గిటారూ ముక్కలైంది.

స్వరం మాత్రం ఆ గదిలో కిటికీ కింద మూలన ఉండిపోయింది.

వదిన ఆ మూల ఊడవదు. బట్టలు కుట్టే మిషను ఆ గదిలోకే మార్చుకుంది. జ్వరమొస్తే చాప అక్కడే వేసుకుని వీపు నేలకి ఆనించి పడుకునేది. ఎదురింటావిడ పలకరించేటప్పుడు, "మీ ఆయన స్వరం బాగుందా?" అని అడిగేది, ఇంట్లో పెద్దవాళ్ళ ఒంట్లో ఎలా ఉందని అడిగినట్టు. "ఉందండీ, వానాకాలం కదా, కాస్త మందంగా ఉంది" అనేది వదిన.

ఒక్కటే భయం. అలా ఉండిపోయిన స్వరం పక్కన అదే స్వరం మళ్ళీ మోగిందంటే, పాతది లేచొచ్చి కొత్తదాంట్లో కలిసిపోతుంది. కొత్తదాని మీద చెయ్యి పెడితే రెండూ పోతాయి. ఇది పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతే. అందుకే ఆ ఇంట్లోకి మళ్ళీ బేస్ గిటారు రాలేదు.

అలాంటిది, పిచ్చుకకి పదహారు నిండగానే, అన్నం తింటూ తింటూ చెప్పింది. "అమ్మా, మా స్నేహితురాళ్ళు ముగ్గురూ పాటల గుంపు పెట్టారు. బేస్‌కి నన్ను రమ్మన్నారు."

వదిన ముద్ద కలపడం ఆపేసింది. "ఇంకేం దొరకలేదా నీకు? తాళాలు వాయించు."

"తాళాలు మా నాన్న వాయించలేదుగా."

వదిన కంచం పక్కకి జరిపి కూతురితో అంది. "మీ బాబాయి పరీక్ష చేసి, బాగుందంటేనే. చవకలో దొరకాలి, పనికిరావాలి. లేదంటే ఇంక ఆ మాటెత్తకు." మరిది వైపు ఆమె చూసిన చూపులో ఇంకో మాట కూడా ఉంది. లేదని చెప్పు, అని.

కొట్లో ఉన్నవాటిలోకి చవకైన బేస్ ఒకటే. కొత్తగా పెట్టెలో వచ్చింది, ముదురు ఎరుపు రంగు, జిగురు వాసన ఇంకా పోలేదు. పిచ్చుక పక్కన నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది. దవడాయన ఒక కన్ను మూసి మెడ వెంబడి చూశాడు, తిన్నగానే ఉంది. మెడ మీది ఇనప మెట్ల అంచుల మీద చెయ్యి జార్చాడు, రెండుచోట్ల గీరుకుంది. అది ఆకురాయితో పోయే పనే. తీగలు బిగించే కీలు తిప్పి చూశాడు, ఒకటి వదులు. పట్టీ భుజానికేసుకుని చేతులు వదిలేశాడు. గిటారు మెడ కొంచెం కిందకి వాలింది.

"నిద్రమొహంది బాబాయ్" అంది పిచ్చుక.

"తల బరువెక్కువ. చవక రకాలన్నీ ఇంతే. అలవాటవుతుంది."

"గిటారు పరీక్ష చేస్తున్నావా, పళ్ళు తోముకుంటున్నావా?" అని ఓనరు రోజూ వేసే జోకే వేశాడు, ఆయన చెక్కని దవడకి ఆనించుకోగానే. దవడాయన నవ్వలేదు. మెట్టు మెట్టూ నొక్కి మీటుకుంటూ వచ్చాడు. ఆశ్చర్యంగా, బాగుంది. అంత చవక చెక్కలో అంత నిండుతనం ఆయన ఊహించలేదు. వద్దని చెప్పడానికి నోరు రాలేదు. ఆఖర్న లావు తీగని ఒట్టిగా మీటాడు.

బుర్ర్ మంది. అంతే, చచ్చిపోయింది.

మళ్ళీ మీటాడు. బుర్ర్. తల దగ్గర తీగలు కూర్చునే చిన్న గాడి ఉంటుంది కదా, లావు తీగ గాడిని ఫ్యాక్టరీలో ఎవరో లోతుగా కోసేశారు. తీగ మొదటి మెట్టుకి తగులుకుని మూగబోతోంది. ఎక్కడైనా నొక్కి వాయిస్తే మోగుతుంది. ఒట్టిగా మీటితేనే మోగదు. అన్నయ్య స్వరం ఒక్కటే మోగదు.

ఎముక ముక్క అతికించి గాడి మళ్ళీ కొయ్యడం పావుగంట పని. సొరుగులో ముక్కలున్నాయి, ఆకురాయి ఉంది. సొరుగు తీశాడు. కాసేపు దాంట్లోకే చూశాడు. మూసేశాడు.

పిల్లకి బేస్ దక్కుతుంది, వదినకి అన్నయ్య మిగులుతాడు. ఎవరికీ ఏమీ పోదు. అనుకున్నాడు.

"అదేంటి బాబాయ్, అలా బుర్రుమంది?"

"చెయ్యి కుదరాలమ్మా" అన్నాడు, మొహం చూడకుండా. మామూలుగానే ఎవరి మొహమూ చూడడు కాబట్టి పిల్లకి అనుమానం రాలేదు. "కొత్తలో అంతే."

ఇంటికెళ్ళి వదినతో చెప్పాడు. "వస్తువు మంచిదే వదినా. ఒట్టి లావు తీగ మాత్రం పలకదు."

వదిన మిషను తొక్కడం ఆపింది. "పలకదా?"

"పలకదు."

"బాగు కాదా?"

"తక్కువ రకం కదా" అన్నాడు. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు. వదిన మళ్ళీ మిషను తొక్కింది.

అప్పట్నుంచి పిచ్చుక సాయంత్రాలు ఆ గదిలోనే, ఆ మూల వైపు తిరిగి కూర్చుని సాధన చేసేది. వేళ్ళు పొక్కులెక్కి, పగిలి, గట్టిపడ్డాయి. నేర్చుకోవడంలో తండ్రి పోలికే. కానీ వాళ్ళ గుంపు కట్టుకున్న పాట ఆ లావు తీగ దగ్గరే దిగి ఆగుతుంది. అక్కడికి రాగానే బుర్ర్ మనేది. గట్టిగా మీటి చూసింది, మెల్లగా మీటి చూసింది, బొటనవేలితో, గోటితో, చివరికి కళ్ళనీళ్ళతో. రాలేదు. ఆదివారం గుంపంతా ఊళ్ళో హాల్లో వాయించాలి. వాళ్ళలో పాడే పిల్ల సైకిలు తొక్కుకుంటూ వచ్చి గుమ్మంలోంచే చెప్పింది. "ఏమనుకోకే. ఆఖరు స్వరం రాకపోతే పాట గాల్లో వేలాడుతోంది. శనివారంలోపు నీకు కుదిరితే సరే, లేకపోతే వేరేవాళ్ళని చూసుకుంటాం."

ఆ పిల్ల వెళ్ళాక పిచ్చుక గిటారుని పెట్టెలో పెట్టి మూత వేసింది. "బాబాయ్, రేపు దీన్ని కొట్టుకి తీసుకెళ్ళిపో. చెయ్యి ఉన్నవాళ్ళెవరికైనా ఇచ్చెయ్. నాకు నాన్న మొహం వచ్చింది, చెయ్యి రాలేదు."

మిషను చప్పుడు ఆగిపోయింది. దవడాయన నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

మర్నాడు ఆయన పెట్టె మోసుకుని కొట్టుకెళ్ళిన కాసేపటికి, వెనకాలే వదిన వచ్చింది. అన్నయ్య పోయాక ఆ గుమ్మం ఎక్కడం అదే మొదలు. ఓనరు గబగబా లేచి తన కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు.

"ఎంతసేపు పని మరిదీ?"

ఆయన తలొంచుకున్నాడు. "పావుగంట వదినా."

"ఆ రోజే నీ మొహంలో కనపడింది. నువ్వు చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు. దొంగలిద్దరం ఒకటే."

"బాగుచేసి ఇక్కడే ఉంచుదాం. ఇక్కడే వాయించుకుంటుంది, ఇంటికి తేవద్దు. అన్నయ్య..."

"నేనూ రాత్రంతా అదే ఆలోచించాను. అది ఆ మూల వైపు తిరిగి ఎందుకు కూర్చుంటుందో చూశావా? వాళ్ళ నాన్నకి వినిపిస్తోందది. రోజూ వినిపించి, రోజూ ఓడిపోతోంది." కొంగుతో మొహం తుడుచుకుంది. "చెయ్యి రాలేదు అన్నప్పుడు దాని గొంతు విన్నావు కదా. సొరుగు తియ్యి."

పావుగంట పని ఆ రోజు చాలాసేపు పట్టింది. రెండుసార్లు రుద్దడం, ఆగి తీగ పెట్టి చూడడం, మళ్ళీ రుద్దడం. వదిన పక్కనే నిలబడి చూసింది. ఎముక పొడి ఎగిరి ఆమె చీర మీద పడుతున్నా దులుపుకోలేదు.

శనివారం మధ్యాహ్నం, వెనక గదిలో ఎండ నేల మీద పరుచుకునుంది. దవడాయన గిటారు పిల్ల చేతికిచ్చాడు. "నీ చెయ్యి బాగానే ఉందమ్మా. గాడి బాగాలేదు. నాకు తెలుసు. తెలిసే వదిలేశాను."

పిచ్చుక ఆయన్ని చూసింది, తల్లిని చూసింది, మూల వైపు చూసింది. అంతా అర్థమైపోయింది దానికి. "అయితే నేనిక్కడ మీటను. బయటే మీటుకుంటాను. నాన్నని ఉండనీ అమ్మా."

"ఇక్కడే మీటు" అంది వదిన. "ఇన్నాళ్ళూ బుర్రు విన్నాడు పాపం. ఒక్కసారి స్వరం విననీ."

పిల్ల లావు తీగని ఒట్టిగా మీటింది.

కిటికీ అద్దాలు అదిరాయి. మిషను బల్ల మీద కత్తెర మెల్లగా పక్కకి జరిగింది. మూలలోంచి పాత స్వరం లేచింది. చాలాకాలం కూర్చున్న మనిషి మోకాళ్ళు పట్టుకుని లేచినట్టు లేచి, నేల మీదుగా వచ్చింది. వదిన పాదాల దగ్గరికి రాగానే ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుని దారిచ్చింది. అది కుర్చీ కాళ్ళెక్కి, ఎర్ర చెక్కలోకి వెళ్ళిపోయింది. రెండూ ఒకటయ్యాయి. దవడాయనకి చెక్క ఆనించుకోకుండానే దవడంతా నిండిపోయింది.

సరిగ్గా అప్పుడే వీధిలో సైకిలు గంట మోగింది. "వస్తున్నావా లేదానే? ఆఖరి సాధనకి అందరూ ఎదురుచూస్తున్నారు!"

పిల్ల ఉలిక్కిపడింది. చెయ్యి తీగ మీదకి వెళ్ళి, పైనే ఆగిపోయింది. "నావల్ల కాదమ్మా. ఇలాగే లేచిపోతాను. చెయ్యి పెట్టకపోతే ఇక్కడే ఉంటాడుగా."

లేవబోయింది. వదిన దాని భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. వీధి వైపు చూసింది, కూతురి వైపు చూసింది. తీగ ఇంకా మోగుతూనే ఉంది.

"ఈ ఇంట్లోంచి మళ్ళీ ఎవరూ అలా లేచి వెళ్ళడానికి వీల్లేదు" అంది.

వంగి, తన అరచెయ్యి తీగల మీద ఆనించింది. ఆరేళ్ళ కిందట పెట్టాల్సిన చెయ్యి. అదురు ఆమె చేతిలోకి పాకింది, మోచేతి దాకా వచ్చింది, సన్నగిల్లింది, ఆగింది. ఆగాక కూడా ఆమె చాలాసేపు చెయ్యి తియ్యలేదు. బయట సైకిలు గంట ఇంకోసారి మోగాక తీసింది.

"ఇప్పుడెళ్ళు. జాగ్రత్తగా రా."

పిచ్చుక తల్లి అరచెయ్యి కళ్ళకద్దుకుని, గిటారు వీపుకి తగిలించుకుని, వెనక్కి చూసుకుంటూ వెళ్ళింది.

గదిలో ఇద్దరే మిగిలారు. ఇల్లంతా నిశ్శబ్దం, కొత్తిల్లులాగా ఉంది. కాసేపటికి వదిన తలెత్తింది. వంటింట్లోంచి టప్, టప్ మని ఏదో చప్పుడు.

"మరిదీ, ఆ కుళాయి ఎప్పట్నుంచి కారుతోంది?"

"తెలీదు వదినా. ఎప్పుడూ వినపడలేదు." ఆయన లేచాడు. "బిగించి వస్తాను."

"వద్దు" అంది వదిన, కిటికీ కింద మూలన చాప పరుచుకుంటూ. "ఈ ఒక్క రోజుకి కారనీ. ఏదో ఒకటి వినపడనీ."