జాడీలో లేని పేరు

"కోడలిని మా దేశంలోనే, బిష్కెక్ విమానాశ్రయంలో దింపేసి వచ్చాను. ఇక్కడికొచ్చింది ఒట్టి జీబెక్!" అని ప్రకటించింది జీబెక్, అమెరికా యూనివర్సిటీలో కొత్తగా చేరినవాళ్ళకి పెట్టిన విందులో, అయోవా రాష్ట్రమంతా వినపడేలా. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగేలోపే ఆమె లేచి పద్నాలుగు మందికి టీ పోసింది. తమ ఇళ్ళల్లో మర్యాద ప్రకారం కప్పులు సగం సగమే నింపింది, ఎవరి కప్పు ఖాళీ అయితే వాళ్ళ దగ్గరికి పరిగెత్తింది, అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది గోడవార నిలబడి తింది. ప్రొఫెసరు గారు కుర్చీ జరిపి కూర్చోమంటే, "అబ్బే, నాకు నిలబడితేనే అరుగుతుందండీ" అంది. ఏడేళ్ళు అత్తగారింట్లో నిలబడి తిన్న కడుపు కదా, అది మాత్రం అబద్ధం కాదు.

విమానాశ్రయంలో దింపేసిన ఆ కోడలు ఊరికే ఉండేది కాదు. ఫోన్లో ఎక్కి రోజూ వచ్చేది. పిల్లల మనస్తత్వం గురించి పాఠం నడుస్తుంటే జీబెక్ బల్లకింద ఫోను వణికేది. "బట్టల మిషనుకి ఏ బొత్తాం నొక్కాలి?" అని మొగుడు కుబాన్. "ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టి చచ్చావు?" అని మళ్ళీ వాడే. ఉప్పు డబ్బా పొయ్యి పక్కనే, వాడి మోచేతికి తగులుతూ ఉంటుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అక్కడే ఉంది. పదివేల కిలోమీటర్ల అవతల నుంచి ఆమె కూతురి సాక్సులు వెతికిపెట్టింది, అత్తగారి బీపీ మాత్రలు గుర్తుచేసింది, పొంగిపోతున్న పాలు దింపించింది. బయల్దేరేటప్పుడు కుబాన్ అన్నమాట ఇంకా చెవిలో ఉంది. "వెళ్ళు వెళ్ళు, నువ్వు లేకపోతే ఇల్లేం ఆగిపోదులే. కొత్త సంవత్సరానికల్లా పెట్టె సర్దుకుని నువ్వే వస్తావు." అత్తగారు ఆ మాత్రం కూడా నేరుగా అనలేదు. పక్కింటావిడతో, కోడలికి వినపడేంత గుసగుసగా అంది. "కన్నపిల్లకి జడెయ్యడానికి తీరికలేదు గానీ, పరాయిదేశం పిల్లలకి చదువు చెబుతుందట!"

అందుకే ఈ టీచరు చదువు పోవడానికి వీల్లేదు. పోతే తిరిగెళ్ళాల్సింది ఆ వంటింట్లోకే. అక్కడ పూటకోసారి, అన్నంలో నంజుకోడానికన్నట్టు, "చెప్పాంగా" అని వడ్డిస్తారు. పోకుండా ఉండాలంటే ఒక్కటే దారి. ఊళ్ళో ఒక బడిలో, పెద్ద టీచరు డోనా మేడమ్ కళ్ళెదుట నాలుగో తరగతికి పన్నెండు వారాలు పాఠం చెప్పాలి. చివర్న ఆవిడ సంతకం పెట్టాలి.

మొదటిరోజు హాజరు పిలిచింది. ఇరవైముగ్గురు పిల్లలు. ఏడో పేరు దగ్గర నాలుక ఆగిపోయింది.

క్లారా.

జీబెక్ వాళ్ళలో కోడలు మొగుడి తరఫు పెద్దవాళ్ళ పేర్లు ఎత్తకూడదు. ఎత్తడం సంగతి అలా ఉంచండి, ఆ పేరులాంటి మాట కూడా తగలకూడదు. వాళ్ళ వీధిలో ఒకావిడ మామగారి పేరు తెమిర్. తెమిర్ అంటే ఇనుము. పాపం ఆవిడ పాతికేళ్ళుగా ఇనప పెనాన్ని 'గట్టి పెనం' అంటోంది, ఇనప మంచాన్ని 'గట్టి మంచం' అంటోంది. డాక్టరు నీకు ఒంట్లో ఇనుము తక్కువ అంటే, 'గట్టిది తక్కువట' అని ఇంటికొచ్చి చెప్పింది. జీబెక్ అత్తగారి పేరు క్లారా. సోవియట్ రోజుల్లో పుట్టిన మనిషి. ఆడవాళ్ళ హక్కుల కోసం గొంతు చించుకున్న ఎవరో జర్మన్ నాయకురాలి పేరు, వాళ్ళ నాన్న ఏరికోరి పెట్టాడట. అంత గొంతున్న మనిషి పేరు ఎత్తడానికి ఆ ఇంట్లో కోడలికి గొంతు లేదు.

హాజరు పట్టీలో ఏడో పేరు దగ్గర జీబెక్ దగ్గింది. పిల్ల "వచ్చాను" అంది. మర్నాడూ దగ్గింది. వారం తిరిగేసరికి ఆ దగ్గు వినపడగానే పిల్లే చెయ్యెత్తడం మొదలెట్టింది. బడి నర్సు దగ్గుమందు పంపింది. పాఠంలో ప్రశ్న అడగాల్సొస్తే "కిటికీ పక్కనమ్మాయీ" అనేది. పిల్ల కిటికీ పక్కనుంచి మారింది. "నీలం చొక్కా" అంటే, అదేం ఖర్మో, ఆరోజు నీలం చొక్కాలు ఎనిమిది లేచాయి. పేరు నాలుకదాకా రాక కాదు. వచ్చేది. పళ్ళ వెనకాల నిలబడేది. దాని వెనకాలే ఇంకేవేవో మాటలు, బస్సు ఆగకముందే దిగేవాళ్ళలా తోసుకొస్తున్నట్టుండేది. జీబెక్ ఠక్కున నోరు మూసేసేది.

అసలు చిక్కు జాడీతో వచ్చింది. అక్కడి టీచర్లకి ఒక పద్ధతుంది. పుల్లఐసు పుల్లల మీద పిల్లల పేర్లు రాసి ఒక జాడీలో వేస్తారు. పాఠం మధ్యలో చెయ్యిపెట్టి ఒకటి తీస్తారు. ఎవరి పేరొస్తే వాళ్ళు జవాబు చెప్పాలి. తెలివైనవాళ్ళనే పిలిచారు, మావాణ్ణి మర్చిపోయారు అనే తగువుండదు. రెండో వారం జీబెక్ చేతికి ఆ పుల్ల తగిలింది. ఇరవైమూడు జతల కళ్ళు ఆమె వేళ్ళవంకే చూస్తున్నాయి. పుల్ల సర్రున చొక్కా చేతిలోకి జారిపోయింది. గారడీవాళ్ళు ముప్ఫై ఏళ్ళు సాధన చేస్తే వచ్చే విద్య, భయానికి ఒక్క క్షణంలో వచ్చింది.

పుల్ల మాయమైన మూడోరోజు క్లారా బల్ల దగ్గరికొచ్చింది. "మిస్, జాడీలో నా పుల్ల లేదు. లెక్కపెట్టాను. ఇంకోటి చేసుకొచ్చా."

జీబెక్ "మంచిది" అంది. అది కూడా జారిపోయింది. పిల్ల ఇంకోటి చేసింది, ఎర్ర రంగులో. ఇంకోటి, పువ్వులు గీసి. ఇంకోటి, ఈసారి రెండువైపులా పేరు రాసి. ఆరోవారానికి జీబెక్ గదిలో సొరుగు నిండా తొమ్మిది క్లారాలు. సొరుగు తెరిస్తే తొమ్మిదిమంది అత్తగార్లు బోర్లా పడుకుని ఉన్నట్టుండేది.

బుధవారం డోనా మేడమ్ టీచర్ల గదిలో పట్టుకుంది. జీబెక్ సింకు దగ్గరుంది.

"ఆ కప్పులొదిలెయ్ తల్లీ. ఎవరి కప్పు వాళ్ళు కడుక్కుంటారు."

"అయిపోయిందండీ. ఇంకో పదకొండే."

"ఇలా కూర్చో." జీబెక్ కూర్చోలేదు. ఆవిడే లేచి నిలబడింది. "క్లారా వాళ్ళమ్మ ఉత్తరం రాసింది. పిల్ల ఇంటికెళ్ళి ఏడుస్తోందట. కొత్త మిస్‌కి నేనంటే అసహ్యం అని."

తడిచెయ్యి గౌనుకి తుడుచుకుంది జీబెక్. తుడుచుకుంటూనే ఉంది.

"శుక్రవారం యూనివర్సిటీ నుంచి మనిషొస్తుంది నీ పాఠం చూడ్డానికి. ఎవర్ని ఎన్నిసార్లు పిలిచావో గీతలు పెట్టుకుంటుంది. ఇరవైరెండు పేర్ల ఎదుట గీతలుండి, ఒక్క పేరు ఎదుట ఖాళీ ఉందనుకో, నేను సంతకం పెట్టలేను. పెట్టను కూడా. ఏం జరుగుతోంది చెప్పు."

జీబెక్ చెప్పింది. అత్తగారి పేరని, తమలో ఆనవాయితీ అని, అది గౌరవం అని. గౌరవం అన్న మాట నాలుగుసార్లు అంది. చివరిసారి అనేసరికి తనకే అరువు తెచ్చుకున్న కోటులా వదులుగా అనిపించింది.

డోనా మేడమ్ కుళాయి కట్టేసింది. "సరే, పదివేల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆవిడకి గౌరవం అందుతోంది. మూడడుగుల దూరంలో ఉన్న పిల్లకేం అందుతోంది?"

శుక్రవారం పొద్దున్న ఏడున్నరకే జీబెక్ బడికొచ్చేసింది. ఖాళీ బెంచీలకి ఎదురుగా నిలబడి సాధన చెయ్యాలని. ఇరవైరెండు పేర్లూ గడగడా పిలిచింది. ఏడోదానికి నోరు తెరిచింది. అప్పుడే ఫోను మోగింది. అక్కడ సాయంత్రం, టీ వేళ. తెరనిండా అత్తగారి మొహం. జీబెక్ ఫోను పెన్సిళ్ళ డబ్బాకి ఆనించింది.

"ఏం అమ్మాయ్, బతికే ఉన్నావా? రొట్టెలపిండి జల్లెడ ఎక్కడ? నీ మొగుడు ఇల్లంతా తవ్వేశాడు."

"అలమర పైన, అత్తయ్యా. పెద్ద బేసిను వెనకాల."

"మరి ఎత్తున పెడితే ముసలిదానికి ఎలా అందుతుంది? అమెరికా నుంచి వచ్చి తీస్తావా?"

"కుర్చీ వేసుకోవద్దు అత్తయ్యా, పడతారు. ఆయన్ని తియ్యమనండి."

"వాడికేం తెలుసు పాపం, మగాడు." అత్తగారు టీ చప్పరించింది. "ఈ చదువు ఇంకెన్నాళ్ళు?"

జీబెక్ జవాబు వెతుక్కుంటుంటే తలుపు మెల్లగా తెరుచుకుంది. క్లారా. ఇంకా ఎవరూ రాలేదనుకుని అడుగులో అడుగేసుకుంటూ జాడీ దగ్గరికెళ్ళింది. చేతిలో కొత్త పుల్ల. పదోది. దానిమీద ఈసారి పువ్వుల్లేవు, రంగుల్లేవు, పెన్సిలుతో సన్నగా, చెరిపేసినా పర్లేదన్నట్టు రాసిన పేరు. పుల్ల జాడీలో వెయ్యబోతూ మిస్‌ని చూసి, దొంగతనంలో పట్టుబడ్డట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. తన పేరు తను తెచ్చుకున్నందుకు ఆ పిల్ల తప్పు చేసినట్టు నిలబడింది. అత్తగారి వంటింటి గుమ్మంలో జీబెక్ నిలబడినట్టే.

"క్లారా," అంది జీబెక్. "వెళ్ళకు. ఇలా రామ్మా, క్లారా."

ఫోన్లో చెంచా చప్పుడు ఆగిపోయింది.

పిల్ల మొహం విప్పారింది. జీబెక్ ఫోనువంక తిరిగింది.

"ఎవర్ని పిలిచావ్?" అంది అత్తగారు.

"ఇక్కడో పిల్ల ఉంది అత్తయ్యా. నా క్లాసులో. దాని పేరు..."

"విన్నాన్లే." అత్తగారు ఫోనుని మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. "మా అత్త పేరు నేను ముప్ఫై ఎనిమిదేళ్ళు ఎత్తలేదు. ఆవిడ పోయాక, ఇంకెవరున్నారులే అని, పెరట్లో నిలబడి ఒక్కసారి అందామని చూశాను. నోరు తిరగలేదు. నత్తి వచ్చింది. నీకు మాత్రం వెన్నలా జారిందే! మొదటిసారి అన్న నోరులా లేదు అది. నిజం చెప్పు, కోడలా."

అబద్ధాలు చాలానే ఉన్నాయి జీబెక్ దగ్గర, వరసగా తయారుగా. దగ్గు కూడా ఉంది. కానీ పిల్ల పుల్ల పట్టుకుని ఎదురుగా నిలబడింది. అర్థం కాని భాషలో తన పేరేదో నడుస్తోందని పసిగట్టి, ఒకసారి మిస్‌ని, ఒకసారి ఫోనుని చూస్తోంది. జీబెక్ అక్కడున్న చిన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"రోజూ అంటాను అత్తయ్యా. ఏడేళ్ళుగా. స్నానాలగదిలో, కుళాయి తిప్పుకుని. పక్కన ఇంకా చాలా మాటలు కలిపి. ఆ పేరుతో తిట్టడమే వచ్చు నాకు, అందుకే ఆరువారాలు ఈ పిల్లని పిలవలేకపోయాను. ప్రేమగా పిలవడం ఇదే మొదటిసారి."