ఆయిలు తాగడం మానేసిన బండి

మా బావ స్వీట్ల పొట్లం పట్టుకుని నా మెకానిక్ షెడ్డుకొచ్చాడు. "నోరు తీపి చేసుకో బావమరిదీ! బండి ఆయిలు తాగడం మానేసింది," అన్నాడు. చాచిన చెయ్యి చాచినట్టే ఆగిపోయింది. ఒళ్ళు మండిపోయింది నాకు.

ఎందుకు మండిందో చెప్పాలంటే ముందు ఆ బండి సంగతి చెప్పాలి. బడిపిల్లల్ని తిప్పే డీజిల్ వ్యాను అది. బావ నడుపుతాడు, అక్క వెనక తలుపు దగ్గర కూర్చుని పిల్లల్ని ఎక్కించి దించుతుంది. ఇంజను నాకంటే ఎక్కువ లోకం చూసింది. పొగ చూసి రోగం చెప్పడం నా పని. నల్లగా వస్తే డీజిలు ఎక్కువై గాలి చాలట్లేదని. తెల్లగా వస్తే డీజిలు సరిగ్గా మండట్లేదనో, నీళ్ళు చేరాయనో. నీలంగా వస్తే మాత్రం లోపల పిస్టను రింగులు అరిగి ఆయిలు మండుతోందని. ఈ బండిది ఎప్పటినుంచో నీలమే. రింగులు మార్చుదాం బావా అని నేను మొత్తుకోవడం, "ముసలి బండికి కొత్త గుండె ఎందుకురా" అని ఆయన నవ్వేసి ఇంకో డబ్బా ఆయిలు పోసుకోవడం మామూలే.

అలాంటి బండి ఉన్నట్టుండి మానేసిందట! ఏళ్ళ తరబడి తాగిన మనిషి ఒక్క రాత్రిలో సీసా ముట్టడం మానేస్తే ఇంట్లోవాళ్ళు సంబరపడొచ్చు, డాక్టరు మాత్రం నాడి పట్టుకుని చూస్తాడు. అరిగిన రింగులు వాటంతటవే పెరగవు కదా. ఆయిలు మండుతూనే ఉంది, మండినంతా ఇంకేదో వచ్చి నింపుతోంది. ఆ మాత్రం ఆలోచన లేదు ఈ మనిషికి, పైగా స్వీట్లు!

"బండేది?" అన్నాను.

"బయటే ఉంది. పిల్లల్ని బడిలో దింపేసి నేనూ మీ అక్కా ఇటే వచ్చాం. ముందు ఒకటి తినరా."

తినలేదు. బయటికెళ్ళి బానెట్ ఎత్తి, ఆయిలు కొలిచే గేజి లాగి చూశాను. మట్టం పై గీత కూడా దాటి ఉంది. వేళ్ళ మధ్య రుద్దితే జిడ్డు లేదు, నీళ్ళలా జారిపోయింది. పాత పేపరు మీద చుక్క వేస్తే నల్లటి బొట్టు మధ్యలో ఉండిపోయి, చుట్టూ తడి ఇంత వెడల్పున పాకింది.

"బావా, ఇందులో సగం డీజిలే. ట్యాంకులోంచి డీజిలు లాగే పంపులో రబ్బరు పొర చిరిగింది. కారినదంతా ఆయిల్లోకి దిగుతోంది. అందుకే మట్టం తగ్గట్లేదు."

"నీ కళ్ళకి అన్నీ రోగాలే కనపడతాయిరా. నాకు కాస్త మంచి జరిగితే ఓర్చుకోలేవు."

"వాసన చూడు!"

"డీజిలు బండిలో డీజిలు వాసన కాక మల్లెపూల వాసన వస్తుందా?"

వెనక తలుపు మెట్టు మీద కూర్చున్న అక్క తలెత్తింది. పొద్దున్నే గేజి తీసి చూసేది ఆమే. "ఇదే మాట నాతోనూ అన్నారు. పొయ్యకుండానే పెరుగుతోంది, వాసన తేడాగా ఉందండీ అంటే, నీ ముక్కు వంటింట్లో పెట్టుకో అన్నారు," అంది.

నాకు కోపం నషాళానికంటింది. "సాయంత్రం ఇందులో పసిపిల్లలు ఎక్కుతారు! ఇంజను లోపలి ఆవిరంతా మళ్ళీ గాలి పీల్చే గొట్టంలోకే పోతుంది. పల్చబడి పొంగిన ఆయిలు ఆ దారిన ఎగబాకిందంటే ఇంజను దాన్నే తాగి పరిగెడుతుంది. తాళం తీసినా ఆగదు."

"తాళం తీసినా ఆగని బండా! ఈ కథలు ఇంకెవరికైనా చెప్పు."

నేను గాలి ఫిల్టరు డబ్బా విప్పాను. లోపలంతా ఆయిలు తడి. చూపిద్దామని తలెత్తేసరికి ఆయన సీట్లో కూర్చుని ఉన్నాడు. "స్టార్ట్ చెయ్యకు బావా!" అని అరిచాను. నా మాట వినడమే? స్టార్ట్ చేసి, నా మీది పంతం కొద్దీ యాక్సిలరేటరు అడుగంటా తొక్కాడు.

కాలు తీశాక కూడా ఇంజను చప్పుడు తగ్గలేదు. పెరిగింది. ఇంకా పెరిగింది. గొట్టంలోంచి వచ్చిన పొగకి ఎదురు గోడ కనపడకుండా పోయింది. బావ తాళం తిప్పేశాడు, ఆగలేదు. తాళం బయటికే లాగేశాడు, అయినా ఆగలేదు. చేతిలో తాళంచెవి పట్టుకుని దానికేసి చూస్తూ కూర్చున్నాడు ఆ మహానుభావుడు. ఇంజను ముక్కలై ఎగిరేలా ఉంది. నేను కూర్చుని పనిచేసే చెక్కపీట అందుకుని, తెరిచి ఉన్న గాలి గొట్టం మూతికి అడ్డం పెట్టి రెండు చేతులా అదిమాను. పీటని లోపలికి లాక్కుంటూ ఇంజను రెండుసార్లు దగ్గి చచ్చింది.

వీధంతా పొగ. పక్క కొట్టు దర్జీ మెళ్ళో టేపుతో దగ్గుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "ఎవరి కొంపంటుకుంది?"

బావ దిగాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. పోనీలే, ఇప్పటికైనా బుద్ధొచ్చింది అనుకున్నాను. ఆయన నోరు తెరిచి ఏమన్నాడో తెలుసా? "ఈ ఆయిలు వంపేసి కొత్తది పోస్తే సాయంత్రం ట్రిప్పుకి అందుతుందిగా?"

చెయ్యి లేచింది నాకు. అక్క ఉంది కాబట్టి దించుకున్నాను. "పంపూ రింగులూ మార్చేదాకా ఇది కదలదు!"

"బండి నాది. నువ్వు కాకపోతే ఊళ్ళో మెకానిక్కులే లేరా? అడిగింది పోసి పంపిస్తారు."

అది నిజమే. పోసి పంపిస్తారు. బండి ఆయనది, తాళంచెవి ఆయన చేతిలో ఉంది. అరవడం తప్ప నేనేం చెయ్యగలను? ఆ నిస్సహాయతకి ఇంకా మండుతోంది నాకు.

అక్క మెట్టు దిగి చీర దులుపుకుంది. "నేను ఎక్కను," అంది.

"ఎక్కకు. నువ్వెక్కకపోతే బండి నడవదా?"

"నడుస్తుంది, ఖాళీగా. ఆ తల్లులు పిల్లల్ని మీ బండికివ్వట్లేదండీ, నా చేతికిస్తున్నారు." గొంతు పెంచలేదు, 'అండీ' కూడా మానలేదు. అలాగే దర్జీ వైపు తిరిగింది. ఆయన కూతురు ఆ వ్యానులోనే బడికెళ్తుంది. "అన్నా, సాయంత్రం పాపని మీరే తెచ్చుకోండి. మా బండి మంచిది కాదు. మిగతావాళ్ళకి కూడా చెప్పడానికే వెళ్తున్నాను."

బావ గబగబా అడ్డొచ్చాడు. "అబ్బే, ఆవిడ మాటకేంలే! చిన్న రిపేరు. టైముకి నేనొచ్చేస్తాగా, పాప సంగతి నాకొదిలెయ్."

దర్జీ ఆయన వైపు చూడనైనా లేదు. "నువ్వు వద్దంటే వద్దమ్మా, సాయంత్రం కొట్టు మూసి నేనే వెళ్తా," అన్నాడు అక్కతో.

అక్క చెప్పులేసుకుని తర్వాతి ఇంటికి బయల్దేరింది. బావ తాళంచెవి తెచ్చి నా పీట మీద పెట్టాడు.