గాలిగదికి బొట్టు

...అయినా ఒత్తింది వేలే కదా. వేలికేం తెలుస్తుంది? టీవీ పెట్టినా అదే వేలు, పొయ్యి వెలిగించినా అదే వేలు. పచ్చ బటన్ మీద ఆనిస్తే ఆ పెట్టెలో గాలి లేస్తుంది, అంతే. గాలి ఎవరికి తగులుతుందో వేలు చూడదు. చూసేవి కళ్ళు. మరి కళ్ళు ఎవరివి?

గీత ఆ ఆలోచనను అక్కడే తుంచెయ్యబోయింది. తెగలేదు. అద్దం అవతల రామి ఇంకా నిలబడే ఉంది.

జనగామ బయట సెలైన్ గొట్టాలు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ అది. గొట్టాలు అతికించే గదిలోకి దుమ్ము పోగూడదు. అందుకని ఆ గదికి ముందు మనిషి పట్టేంత అద్దాల పెట్టె ఒకటి బిగించారు. దాన్ని ఎయిర్ షవర్ అంటారు. పనివాళ్ళు మాత్రం గాలిగది అంటారు. తెల్ల గౌను, టోపీ వేసుకుని అందులోకి అడుగు పెడితే వెనక తలుపు మూసుకుంటుంది. గోడల రంధ్రాల్లోంచి గాలి విసురుగా కొడుతుంది. ఒంటి మీది దుమ్ము పోయాక ముందు తలుపు తెరుచుకుంటుంది. మొదట్లో అదంతా దానంతటదే జరిగేది. ఇప్పుడు గీత రిమోట్ ఒత్తితేనే జరుగుతుంది. ఒత్తకపోతే లోపలి మనిషి రెండు తలుపుల మధ్య నిలబడి ఉండాల్సిందే.

చెవి దగ్గర ఫోన్లో బ్యాండు మేళం మోగుతోంది. దాని మీదుగా శ్రీకర్ గొంతు వచ్చింది. ఓనరు కొడుకు అతను, మేనేజరు కూడా. భూపాలపల్లిలో ఎవరిదో పెళ్ళికి పోయి, అక్కడ కూర్చుని ఇక్కడి కెమెరాను సెల్లులో చూస్తున్నాడు.

"ఇంకోసారి కొట్టు."

"రెండుసార్లు కొట్టిన సార్."

"మిర్చి ఏరి వచ్చింది గామె. ఆ ఘాటు లోపలికొస్తే మాల్ ఖరాబైతది. పైంగ లేట్. కొట్టు, జర బుద్ధొస్తది."

రామిది తొర్రూరు పక్క తండా. మిర్చి కాలంలో తెల్లవారకముందే చేన్లో దిగి, ఏరినంత ఏరి, బస్సెక్కి వస్తుంది. బస్సు ఆలస్యమైతే తనూ ఆలస్యం.

వేలు ఒత్తింది.

గాలి లేచింది. రామి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. టోపీ కిందినుంచి, మెడ దగ్గరనుంచి మిరప ఘాటు లేచి ఆ చిన్న పెట్టెలోనే సుళ్ళు తిరుగుతున్నట్టుంది. అద్దం మందం కాబట్టి దగ్గు వినిపించదు. భుజాలు ఎగిరెగిరి పడటం మాత్రం కనిపిస్తోంది. లోపల ఆపదలో ఒత్తే ఎర్ర బటన్ ఒకటి ఉండేది. ఊరికే ఒత్తుతున్నారని శ్రీకర్ దాని మీద అట్ట పెట్టి టేపు చుట్టించాడు.

గీతకు కోపం వచ్చింది. ముందు రామి మీద వచ్చింది. మిర్చి ఏరినదానివి తల కడుక్కుని రావద్దా? తర్వాత బస్సు మీద, ఆ తర్వాత పెళ్ళి బ్యాండు మీద. తన కోపం ఎప్పుడూ ఇంతే, పోవలసిన చోటికి తప్ప అన్ని చోట్లకూ పోతుంది. రామి చేతులు తీసి, నీళ్ళు కారుతున్న కళ్ళతో అద్దంలోంచి సూటిగా చూసింది. గీత తల దించుకుని రిమోట్ మీది అంకెలను చూసింది, వాటిని ఎన్నడూ చూడనట్టు.

"చాలు, తియ్," అన్నాడు శ్రీకర్.

ఇంతకూ ఈ రిమోట్ ఎందుకొచ్చింది? ఒక బొట్టు వల్ల. మొన్నటి దసరాకు యంత్రాలకు పూజ చేసినప్పుడు శ్రీకర్ తల్లి రాజేశ్వరమ్మ అన్నిటికీ పసుపు రాసి కుంకుమ పెట్టింది. గాలిగది తలుపు మీద, ఎవరో వచ్చి నిలబడ్డారని కనిపెట్టే నల్లటి గాజు కన్ను ఉంది. ఆమెకు అది అచ్చం నుదురులా కనిపించినట్టుంది. సరిగ్గా దాని నడుమ, తడి కుంకుమతో, నిండుగా ఒక బొట్టు పెట్టింది. మర్నాటి నుంచి తలుపు ఎవరు వచ్చినా తెరుచుకోలేదు. హైదరాబాదు నుంచి మెకానిక్ వచ్చి చూసి నవ్వాడు.

"అమ్మా, దీని కన్ను మీద బొట్టున్నది. తుడిస్తే మంచిగ నడుస్తది."

"పూజ చేసిన బొట్టు తుడుస్తరా ఎవరన్న?" రాజేశ్వరమ్మ గొంతు లేచింది. "నడిచే ఫ్యాక్టరీకి ముండమోపి మొహం చేస్తవా నువ్వు?"

అన్నాక ఆమెకు పక్కన గౌన్లు మడతపెడుతున్న గీత కనిపించింది. నాలుక కరుచుకుంది. "నిన్నన్లేదు బిడ్డా," అంది.

మెకానిక్ తల గోక్కుని రిమోట్ బిగించి పోయాడు. బొట్టు తీసిననాడు యంత్రం దానంతటదే నడుస్తుందని, అందాకా ఇదే గతి అని చెప్పాడు. నాలుగు రోజులు అందరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత ఈ రిమోట్‌తో మనిషిని మధ్యలో నిలబెట్టవచ్చని శ్రీకర్ కనిపెట్టాడు. నవ్వులు ఆగిపోయాయి.

నిన్నన్లేదు బిడ్డా. అవును, ఎవరూ తనను ఏమీ అనరు. గీత భర్త భద్రయ్య భూపాలపల్లిలో లారీ నడిపేవాడు. లారీ బోల్తాపడి పోయాడు. బొట్టు తీసేనాడు కూడా ఎవరూ ఏమీ అనలేదు. ఆడబిడ్డ ఏడుస్తూనే దగ్గరికి వచ్చి, గడ్డం పట్టుకుని, బొటనవేలితో నొసలు రుద్దింది. గరుకు వేలు. గీత తల పక్కకు తిప్పుకుని ఉండవచ్చు. తిప్పుకోలేదు. అది గుర్తొచ్చినప్పుడల్లా కోపం వచ్చేది ఆడబిడ్డ తీరుకు కాదు, బొమ్మలాగా కదలని తన మెడకు. ఆడబిడ్డ కూడా అనుకునే ఉంటుంది, వేలికేం తెలుస్తుందని.

మధ్యాహ్నం అందరూ రేకుల షెడ్డు కింద సద్దులు విప్పారు. రామి కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. అందరిలోకీ పెద్దది చంద్రమ్మ నవ్వింది.

"గట్ల ఏడ్చినవేందే? మొగడు యాదికొచ్చిండా?"

"మొగడు కాదవ్వా, గీతక్క యాదికొచ్చింది. తలుసుకుంటే సాలు, కండ్లల్ల నీళ్ళే నీళ్ళు."

అందరూ నవ్వారు. గీత ముద్ద కలుపుతూ, "నేనేం చేస్త రామీ? సార్ చెప్పిండు," అంది.

"నిన్నేమన్నన్నా అక్కా? రిమోటును తిడితే ఏమొస్తది?" రామి నీళ్ళ సీసా మూత బిగించింది. "నీ చేతులున్నది రిమోటు కాదు. నువ్వే ఆయన చేతుల రిమోటువి."



"పోనియ్యే," చంద్రమ్మ గొంతు తగ్గించింది. "ఆమెకు మాత్రం ఎవరున్నరు? ఈ కొలువు పోతే మల్ల బావ ఇంట్ల అంట్లు తోముకుంట పడుండాలె."

రామి మాట కంటే ఆ జాలి ఎక్కువ కాల్చింది. అబద్ధమైతే కాల్చేది కాదు. బావ ఇంట్లో వెనక గది, కిటికీ లేని గది. ఎవరైనా బయటికి పోతుంటే తను ఎదురు రాకూడదు. అందుకని తలుపు చప్పుళ్ళు వింటూ లోపలే ఆగడం. ఎప్పుడు బయటికి రావచ్చో ఇంకొకరు చెప్పేదాకా. గీత చేతిలోని ముద్దను తిరిగి గిన్నెలో పెట్టేసింది. అద్దాలు లేవు కానీ, అదీ గాలిగదే.

తిండి అయి గీత గాలిగది దగ్గరికి వచ్చే వేళకు రాజేశ్వరమ్మ కుంకుమ పళ్ళెంతో వచ్చింది. ప్రతి శుక్రవారం ఆ గాజు కన్ను మీది పాత బొట్టు మీదే కొత్త బొట్టు పెడుతుంది.

"గీతా, జర పక్కకు పో బిడ్డా. బొట్టు పెట్టే యాళ్ళ."

కోపగించుకున్నా బాగుండును. ఆ గొంతులో ప్రేమే ఉంది. గీత కాళ్ళు ఆమెను అడగకుండానే గౌన్లు ఉతికే చోటికి నడిచాయి. అక్కడి కిటికీలోంచి చూసింది. రాజేశ్వరమ్మ పాత కుంకుమ పెచ్చు మీద కొత్త కుంకుమ అద్ది, కళ్ళు మూసుకుని దండం పెట్టుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఇప్పుడు కాళ్ళు. పొద్దున వేలు. అప్పుడు మెడ. ఇందులో తను ఎక్కడుంది? ఈ ఒంట్లో తన మాట వినేది ఒక్కటైనా ఉందా?

గీత వచ్చి కుర్చీలో కూర్చుంది. గౌన్లు వేసుకుని ఆడవాళ్ళు గాలిగది ముందు వరుసకట్టారు. అందరికంటే ముందు రామి. ఇందాకటి మాట తనది కానట్టు ఎటో చూస్తోంది. ఫోన్ మోగింది.

"రామిని మల్ల మూడుసార్లు," అన్నాడు శ్రీకర్. బ్యాండు ఆగిపోయింది, గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. భోజనం చేస్తున్నట్టున్నాడు.

"పొద్దుగాల్నే కొట్టినం కద సార్. దగ్గుతున్నది."

"అన్నం తిన్నది, మల్ల తల సవరించుకున్నది, నేను చూసిన. నువ్వు ఒత్తు. ఒత్తేదానికే కద నీకు జీతం."

గీత ఒడిలోని రిమోట్‌ను చూసింది. దాన్ని తీసి కుర్చీలో పెట్టి, ఫోన్ చెవికి ఆనించుకునే లేచింది. వరుస పక్కనుంచి నడిచి రామిని దాటి తలుపు ముందుకు వచ్చి నిలబడింది. ఇంత దగ్గరగా ఆ బొట్టును ఎప్పుడూ చూడలేదు. నెలల కుంకుమ పొరలు పొరలుగా పేరుకుపోయి ఉంది. పైన మాత్రం తడిగా ఎర్రగా మెరుస్తోంది.

"గీతా, కెమెరాకు అడ్డమొస్తున్నవ్," అన్నాడు శ్రీకర్ నములుతూ. "జర పక్కకు పో."

గీత పక్కకు పోలేదు. బొటనవేలు పైకెత్తింది.

"అక్కా," అంది రామి, "బొట్టది!"

"తెలుసు," అంది గీత. ఆ నల్ల గాజు మీద వేలు ఆనించి, పెచ్చు లేచేదాకా గట్టిగా రుద్ది తుడిచేసింది.