పట్టపగటి పాకం

పంచదార పాకం పట్టపగలు పెట్టొద్దని బాబాయి టైలరమ్మకు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. పూలు లేని రోజుల్లో తేనెటీగలకు పాకం పొయ్యాలి, నిజమే. కానీ చీకటి పడుతుండగా పొయ్యాలి, పెట్టె లోపలే పెట్టాలి, బయట ఒక్క చుక్క ఒలికినా తుడిచెయ్యాలి. ఆవిడ బుద్ధిగా తలూపింది. తలూపడానికేం, కుట్టించుకునేవాళ్ళు చెప్పే వంకలన్నిటికీ రోజూ ఊపుతూనే ఉంటుంది.

బాబాయంటే పిన్ని మొగుడు, బస్సు డ్రైవరుగా చేసి మానుకున్న మనిషి. ఖాళీగా కూర్చోలేక డాబా మీద తోట వేశాడు. పగిలిన బకెట్లలో టమాటాలు, పాత టబ్బులో గుమ్మడి పాదు, వంటింటి తొక్కలు కుళ్ళబెట్టే డ్రమ్ము, ఓ మూల తేనెపెట్టె. పక్కవాటాలో ఉండే టైలరమ్మ మొక్కలకు నీళ్ళు పోద్దామని ఎక్కి, ఈగల పిచ్చిలో పడింది. ఆయన తన పెట్టెలోంచే కొన్ని ఈగల్ని విడదీసి, రెండో మూల ఆమెకో పెట్టె అమర్చి ఇచ్చాడు. కొత్త పెట్టె దిట్టంగా లేచింది. పాతది కాస్త నీరసించింది.

ఆ రోజు స్కూలు యూనిఫారాలు సాయంత్రానికల్లా ఇవ్వాలి. చీకటిపడ్డాక తీరికుండదని మధ్యాహ్నమే పాకం కలిపింది టైలరమ్మ. పెట్టె తెరవాలంటే పొగ పెట్టాలి, ముసుగు వేసుకోవాలి, ఎవరు పడతారా బాధ? వెడల్పాటి పళ్ళెంలో పోసి, రెండు పెట్టెలకూ మధ్యన పిట్టగోడ మీద పెట్టేసింది. అందరూ వచ్చి తాగి పోతారని. విందు అనుకుంది కాబోలు మహాతల్లి.

కాసేపట్లో పళ్ళెం ఖాళీ. ఆమె పెట్టెలోని ఈగలు రుచి మరిగి, ఇంకెక్కడ దొరుకుతుందా అని వెతుక్కుంటూ పోతే, పక్కనే నీరసంగా ఉన్న పెట్టె, లోపల దాచుకున్న తేనె. ఇంకేముంది, దొంగలు పడ్డట్టు పడ్డాయి. టైలరమ్మ పళ్ళెం తీసుకుపోదామని పైకొచ్చేసరికి బాబాయి పెట్టె గుమ్మం దగ్గర ఈగలు ఒకదాని మీదొకటి పడి దొర్లుతున్నాయి. పాకం పడేసరికి వీటికి ఓపికొచ్చింది, ఆడుకుంటున్నాయి అని మురిసిపోయింది. మురిసిపోయి, కిందికెళ్ళి కాజాలు కుట్టుకుంది. చంపుకుంటుంటే ఆట అనుకున్న మనిషిని ఏమనాలో మీరే చెప్పండి.

మర్నాడు టైలరమ్మ పక్కనుండగానే బాబాయి తన పెట్టె మూత తీశాడు. తుట్టెలు చీలికలు పేలికలై ఉన్నాయి. మైనం పొడి అడుగంతా రాలింది. చచ్చిన ఈగలు దోసెళ్ళకొద్దీ ఉన్నాయి, వాటి మధ్యలో రాణి ఈగ. ఆయన అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

"బయటి ఈగలు పడి దోచుకున్నాయి," అన్నాడు. "మూత దగ్గర సందు వదిలేసినట్టున్నానమ్మాయ్. నాకు కనపళ్ళేదు."

టైలరమ్మకు పళ్ళెం కళ్ళముందు కదిలింది, నిన్నటి ఆట ఏమిటో అర్థమైంది. చెప్పేద్దామని నోరు తెరిచింది కూడా.

"అయ్యో, పాపం," అంది.

అదీ ఆవిడ నోటికొచ్చిన మాట. ఆ తర్వాత చెప్పడం రోజురోజుకీ కష్టమైపోయింది. ఆయన అడగలేదు కదా, అడిగితే చెప్తాను అనుకుంది. ఆయనెందుకు అడుగుతాడు? తప్పు తనదే అని తీర్మానించుకున్నాక ఇంకొకరిని అడిగే పనేముంది?

బాబాయి మనిషే మారిపోయాడు. స్కూటరు తాళాలు పిన్నికిచ్చేశాడు. పొయ్యి ఆర్పానో లేదో నువ్వోసారి చూడవే అంటున్నాడు. గడియ పెట్టి, మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూస్తున్నాడు. ఇన్నేళ్ళు బస్సు నడిపి ఒక్కరికీ గీత పడనివ్వని మనిషి, టమాటా మొక్కకు పుల్ల కట్టడానికి కూడా జంకుతున్నాడు. అవన్నీ గోడవతలి నుంచి టైలరమ్మకు వినబడుతూనే ఉన్నాయి. కుట్టినవి విప్పడం, విప్పినవి మళ్ళీ వంకరగా కుట్టడం, ఇదే పనైంది. పైగా ఆమె పెట్టె తేనెతో బరువెక్కింది. బాబాయి దాన్ని ఒక పక్క ఎత్తి చూసి, "నీ చెయ్యి మంచిదమ్మాయ్," అన్నాడు. ఆ మాటకు సిగ్గుతో చచ్చిపోయింది.

ఆదివారం పొద్దున మొక్కలమ్మే నర్సరీ ఆయన తోపుడుబండి తెచ్చాడు. ఖాళీ పెట్టె, పొగడబ్బా, ఎరువు డ్రమ్ము, కుండీలు అన్నీ ఇచ్చేస్తానని బాబాయే కబురు పెట్టాడట. పిన్ని, నర్సరీ ఆయన కింద వాకిట్లో మాట్లాడుకుంటున్నారు. పైన బాబాయి గుమ్మడి పాదు పీకడానికి వంగాడు.

"బాబాయ్, ఆగు. మూత కాదు," అంది వెనకే పైకొచ్చిన టైలరమ్మ. "నేనే. మధ్యాహ్నం పూట పాకం పళ్ళెంలో పోసి గోడమీద పెట్టాను. దోచుకున్నవి నా ఈగలే."

ఆయన నడుం నిలబెట్టి ఆమెవైపు చూశాడు. ముందు మొహం తేటపడింది. హమ్మయ్య అన్నట్టు ఊపిరి కూడా వదిలాడు. తర్వాత అడిగాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు మూత తీసినప్పుడే."

"ఈగలు పోతే మళ్ళీ వస్తాయి. నేర్చుకునేవాళ్ళు చెయ్యని తప్పా అది," అన్నాడు నెమ్మదిగా. "నేను పనికిరాకుండా పోయానని రోజూ ఏడుస్తుంటే, చూస్తూ ఎలా కూర్చున్నావమ్మా?"

తిడితే బాగుండేది, ఆయన తిట్టలేదు. చేతులు దులుపుకుని కిందికి నడిచాడు. ఆమె తలొంచుకుని వెనకే దిగింది.

"ఇవ్వటం లేదు, బండి తీసుకెళ్ళిపో," అన్నాడు నర్సరీ ఆయనతో.

"అదేంటండీ, కళ్ళు సరిగ్గా ఆనట్లేదు, మూత వెయ్యడం కూడా రావట్లేదన్నారుగా?" అన్నాడతను, కాస్త నవ్వుతూ.

"అవును. మూత నేనే సరిగ్గా వెయ్యలేదు. ఇక మీదట చూసి వేస్తాను," అన్నాడు బాబాయి. టైలరమ్మవైపు కన్నెత్తి కూడా చూడలేదు. పిన్ని నిట్టూర్చి, ఇక ఈయన్ని డాబా ఎక్కనివ్వకూడదు అంది.

ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు. టైలరమ్మ పరాయి మనిషి ముందు, పిన్ని ముందు తన పరువు తీసుకోవడానికి నోరు పెగల్చుకుంది.

"కాదు పిన్నీ. ఆయన మూత సరిగ్గానే వేశాడు," అని, పాకం కలిపిన దగ్గర్నుంచి మొదలుపెట్టింది.