రాజుగారు చెరిపించిన ఆట

తబిత ఫోన్ చేసేసరికి శ్రీనివాసరాజు భీమవరంలో తన రొయ్యల మేత కొట్టులో కూర్చుని ఉన్నాడు. ఆ గొంతు విని చాలా ఏళ్లయింది. మొదట పోల్చుకోలేకపోయాడు.

"నేనండి రాజుగారూ, మొగల్తూరు తబితని. మన రాజమండ్రి ఆఫీసులో బొమ్మలు గీసేదాన్ని కదండీ."

"అరె, నువ్వామ్మా! ఎక్కడున్నావు, ఏం చేస్తున్నావు?"

"నరసాపురంలో లేసు అల్లికలు నేర్పుతున్నానండి. వచ్చే నెల ప్రదర్శన పెడుతున్నాం. అందులో మన 'గోదారి పంటు' ఆటని ఓ కంప్యూటర్లో పెట్టి చూపిద్దామనుకుంటున్నానండి. మీరు సరేనంటేనే లెండి."

చివరి మాట దగ్గర ఆమె గొంతు తగ్గింది. ఆ తగ్గడం ఎందుకో రాజుకి తెలుసు.

"దానికేం భాగ్యం! నేనే పట్టుకొస్తాను" అన్నాడు.

ఇరవై రెండేళ్ల కిందట, చుట్టాలంతా వరి చేలు తవ్వి చెరువులు చేసుకుంటుంటే, రాజు రెండెకరాలు అమ్మి రాజమండ్రిలో మూడు గదులు అద్దెకు తీసుకుని కంప్యూటర్ ఆటల కంపెనీ పెట్టాడు. పనివాళ్లు ఇద్దరే. అమలాపురం నుంచి వచ్చిన శశిభూషణ్ ప్రోగ్రాం రాసేవాడు. బొమ్మలు తబితవి. ఆమె తల్లి లేసు అల్లేది. చిన్నప్పటి నుంచీ తల్లి పక్కన కూర్చుని గళ్లు లెక్కపెట్టిన పిల్ల కాబట్టి, కంప్యూటర్ బొమ్మ కూడా గళ్లేనని తెలిశాక తబితకి ఇంకెవరూ ఏమీ నేర్పక్కర్లేకపోయింది. ముందు గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో నింపుకునేది, తర్వాత మెషీన్లో పెట్టేది. ఆటలో గోదారి అలలు ఆమె తల్లి టేబుల్ గుడ్డల అంచులకి అల్లే గవ్వల వరసే.

ఆట చిన్నది. మనుషుల్నీ బళ్లనీ గోదారి దాటించే పంటుని ఈ రేవు నుంచి ఆ రేవుకి చేర్చాలి. ఇసుక మేటలు తప్పించుకోవాలి. పంటు మీద కొబ్బరికాయల బస్తాలూ, మోటారు సైకిళ్లూ, ఓ పెళ్లివారి గుంపూ, ఎప్పుడు నీళ్లలోకి దూకుతుందో తెలియని ఓ మేకా. వరదొచ్చి నీళ్లు ఎర్రబడితే మేటలు కనపడవు. నాలుగు వేల సీడీలు అమ్ముడుపోయాయి. ఎవరూ కాపీ కొట్టకూడదని రాజు పట్టుబట్టి దానికో తాళం పెట్టించాడు. కొన్నవాళ్లు ఆఫీసుకి ఫోన్ చేస్తే ఓ నంబరు చెబుతారు, అది కొడితేనే ఆట తెరుచుకుంటుంది. మూడో ఏడు కంపెనీ మూతపడింది. ఫోన్ తీసేశారు. రాజు భీమవరం వచ్చి మేత వ్యాపారంలో పడ్డాడు.

పదేళ్లు గడిచాక శశిభూషణ్ వెతుక్కుంటూ వచ్చాడు. అప్పటికి కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. వెంట సారిక అనే విద్యార్థిని ఉంది.

"మన ఆటని ఊరికే ఇచ్చేద్దామండి రాజుగారూ" అన్నాడు. "కొన్నవాళ్లు కంప్యూటర్ మార్చుకుంటే మళ్లీ నంబరు కావాలి. చెప్పడానికి మన ఆఫీసు లేదు. డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్లండి, వాళ్లే ఆడుకోలేకపోతున్నారు. ఈ అమ్మాయి తాళం తీసేసి, ఇప్పటి కంప్యూటర్లకి సరిపోయేలా చేసింది. మీరు ఊఁ అంటే చాలు."

"ఊరికే ఇస్తే విలువుండదు శశీ. రేపెవరైనా ఫోన్లలో పెడతాం, అమ్మండి అని వస్తే?"

"వస్తే అప్పుడూ అమ్ముకోవచ్చండి. ఈలోగా బతికుంటుంది కదా."

"రెండెకరాలు పోసింది నేను. పోయింది నాది" అన్నాడు రాజు. గొంతు అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. సారిక టీ గ్లాసు సగంలోనే కింద పెట్టేసింది.

రెండేళ్ల తర్వాత ఎవరో బంధువు ఫోన్లో చూపించాడు, ఆట ఇంటర్నెట్‌లో ఉంది. పెట్టింది సారిక. దించుకోనక్కర్లేదు, ఆ పేజీలోనే ఆడుకోవచ్చు. కింద వందల మంది రాశారు. మా నాన్నతో కలిసి ఆడానని ఒకరు, ఆ మేకని ఒక్కసారైనా ఒడ్డుకి చేర్చలేకపోయానని ఇంకొకరు. రాజు అవేవీ చదవలేదు. లాయరు రమేష్ బాబు చేత నోటీసు ఇప్పించాడు. ఆట తీసేయాలి, కాపీలన్నీ చెరిపేయాలి, చెరిపేశామని సంతకం పెట్టి పంపాలి. వారం తిరక్కుండా శశిభూషణ్, సారిక ఇద్దరి సంతకాలతో కాగితం వచ్చింది. ఆ రోజు రాజు గెలిచినట్టే అనుకున్నాడు. ఆటని కొంటామని మాత్రం ఎవరూ రాలేదు.

ఇప్పుడు తబిత ఫోన్ పెట్టేశాక ఇంటికెళ్లి బీరువా తీశాడు. అడుగు అరలో సీడీల పెట్టె ఉంది. పైన ఉన్న సీడీ వెలుగులో పట్టుకుని చూస్తే ఆకుని పురుగు తిన్నట్టు వెండిపొర నిండా చిల్లులు. రెండోదీ అంతే. చెమ్మకి అట్టలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. కాస్త బాగున్నట్టు కనిపించిన ఏడింటిని కంప్యూటర్ షాపుకి పట్టుకెళ్లాడు. ఒక్కటీ చదవలేదు. పాత హార్డ్ డిస్క్‌ని షాపు కుర్రాడు చెవి దగ్గర పెట్టి ఊపి, "లోపల పోయిందండి" అన్నాడు.

రాజు శశిభూషణ్‌కి ఫోన్ చేశాడు. కుశలప్రశ్నలు అయ్యాక, "నీ దగ్గరుంటుంది కదా ఆట" అని నవ్వుతూ అడిగాడు.

"లేదండి."

"అదేంటి శశీ! నువ్వు రాసిన ప్రోగ్రాం. ఎక్కడో ఓ కాపీ దాచుకునే ఉంటావు. నేనేమీ అనుకోను."

"చెరిపేయమన్నారు కదండీ. చెరిపేశాను." శశిభూషణ్ గొంతులో కోపం లేదు. "సారిక కూడా నా ఎదురుగానే చెరిపేసింది. ఆ పిల్ల నోటీసు చూసి చాలా భయపడిందండి. ఉద్యోగానికి అడ్డొస్తుందేమోనని. ఆ తర్వాత మళ్లీ ఆటల జోలికి పోలేదు. బ్యాంకు సాఫ్ట్‌వేర్ చేసుకుంటోంది."

రాజు ఫోన్ పెట్టేశాడు. తను పంపిన కాగితాన్ని ఎవరైనా అంత నమ్మకంగా పాటిస్తారని, నోటీసు ఇప్పించిన రోజున కూడా అనుకోలేదు. లోకంలో అందరూ ఎంతో కొంత దాచుకుంటారు. వీళ్లు దాచుకోలేదు.

మర్నాడు మొగల్తూరు వెళ్లాడు. తబిత వాకిట్లో కుర్చీ వేసింది. జరిగిందంతా చెప్పి, "తప్పు నాదేనమ్మా" అన్నాడు.

ఆమె లోపలికెళ్లి ఓ ప్లాస్టిక్ సంచీ తెచ్చింది. అందులో గ్రాఫు కాగితాలు. "పదకొండే మిగిలాయండి. మిగతావి తుఫానుకి తడిసిపోయాయి. ఆట ఉంది కదా, కాగితాలెందుకులే అనుకున్నాను."

రేవు మెట్లు, ఇసుక మేట, పంటు ముందు భాగం. అన్నీ ఆగిపోయి ఉన్నాయి. రాజు వేలితో గళ్ల వెంట అల గీత పట్టుకుని చివరిదాకా వెళ్లాడు. కాగితం అంచు దగ్గర అది తెగిపోయింది.

"అప్పట్లో మీ దగ్గరికి వచ్చేముందు శశిగారు ఫోన్ చేసి, ఆట ఊరికే ఇస్తే నీకేమైనా అభ్యంతరమా అని అడిగారండి" అంది తబిత. "నాకెందుకుంటుంది, పదిమందీ చూస్తే అదే చాలన్నాను. నన్నడిగింది ఆయనొక్కరే."

రాజు ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి లేచాడు.

ప్రదర్శనకి ముందే రాజు ఓ కాగితం రాసి సంతకం పెట్టాడు. గోదారి పంటు ఆట మీద తనకి ఏ హక్కూ అక్కర్లేదని, ఎవరి దగ్గరున్నా ఉచితంగా ఆడుకోవచ్చని, పంచుకోవచ్చని. శశిభూషణ్ దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఎవరి దగ్గరైనా సీడీ ఉంటే చెప్పమని అడిగాడు. ముగ్గురు పంపారు. ఒకటి విరిగింది. రెండింటికీ అదే చెమ్మ జబ్బు.

నరసాపురంలో ప్రదర్శన రోజున లేసు గుడ్డల మధ్య ఓ బల్ల మీద ఆ పదకొండు కాగితాలూ అద్దం కింద పెట్టారు. రాజు పొద్దుటి నుంచీ బల్ల దగ్గరే నిలబడ్డాడు. మధ్యాహ్నం ఒకావిడ కూతురితో వచ్చి, వంగి చూసి, ఒక్కసారిగా నవ్వింది.

"ఇది మేము ఆడిన ఆటేనండి! నేనూ మా అన్నయ్యా కొట్టుకునేవాళ్లం దీనికోసం. ఇప్పుడెక్కడ దొరుకుతుందండీ? మా పిల్లకి చూపించాలి."

"దొరకదమ్మా" అన్నాడు రాజు. "దొరికేటప్పుడు నేనే వద్దన్నాను."

ఆవిడకి అర్థం కాలేదు. అయినా మర్యాదకి తలాడించి, పిల్లని దగ్గరికి లాక్కుని, అద్దం మీద వేలు పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. పంటు ఇక్కడి నుంచి బయలుదేరుతుంది, ఇక్కడ మేట ఉంటుంది, ఇదిగో ఇటు తిప్పాలి.