వెండికన్నా మూడు ఎక్కువ

ఇత్తడి గుండిగలో నిలబడి, గోడను రెండు చేతులతో పట్టుకొని ఆజం నడుము తిప్పుతున్నాడు. పాదాల కింద ఇసుక గరగరమంటూ చిలుము వదిలిస్తోంది. కొత్తకోటలో ఈ దాబా వెనక అతను ముప్పై ఏళ్లుగా ఇత్తడి పాత్రలకు తగరపు కళాయి పూస్తున్నాడు. అరచేతులు తోలులా గట్టిపడ్డాయి, కళ్లు పొగకు ఎర్రబారాయి.

"రేపటి నుంచి ఈ డాన్సు ఎవరు చూపిస్తరు భాయ్?" అన్నాడు దాబా యజమాని హనుమంతు.

"నువ్వే దిగు. పొట్టన్న కరుగుతది."

సాయంత్రం బస్సుకు ఆజం కుటుంబం నాగర్‌కర్నూల్ వెళ్లిపోతోంది. కూతురు అర్షియాకు అక్కడ సైన్సు టీచరు ఉద్యోగం వచ్చింది. మూటలు కట్టేశారు. ఆజం మనసులో మాత్రం భార్య ఖాజాబీ కాలి పట్టీలు గుచ్చుకుంటున్నాయి. నికా అయిన కొత్తలో వెండివి తెస్తానన్నాడు, ఇత్తడివి తెచ్చాడు. ఏటా రంజాన్‌కు ముందు వాటికి కళాయి పూసి తెల్లగా చేసిచ్చేవాడు. ఇవాళ పని మానేస్తున్నాడు, మాట ఇంకా తీరలేదు.

గుండిగ ముగించి పట్టీలను నిప్పుల మీద పట్టాడు. అర్షియా తిత్తి ఊదింది. చిలుము విరిచే నవసాగరం పొడి చల్లగానే తెల్లని పొగ లేచింది. తగరం తాకించి, దూదితో ఒక్క తుడుపు తుడిచాడు. పట్టీ తళుక్కుమంది.

"ఎంత మెరిసినా తగరం తగరమే, బేటీ. వెండికి జర తక్కువనే."

"తక్కువ కాదబ్బా, మూడు ఎక్కువ!"

"మూడేంది?"

"ప్రతి పరమాణువు నడుమ ప్రోటానులుంటయి. ఏ లోహమో చెప్పేది ఆ లెక్కనే. వెండికి నలభై ఏడు, తగరానికి యాభై."

ఆజం నిప్పులవైపు అనుమానంగా చూశాడు. "గింత కాలుస్త గదా, ఒక్కటన్న రాలదా?"

"రాలదు. పైన తిరిగే ఎలక్ట్రానుల దాకనే నీ నిప్పు. పులుపు తగిలితే ఇత్తడి చిలుము పట్టేది, తగరం ఆగేది, అంతా వాటి గుణమే. నడిమిదాన్ని ఏ కొలిమీ తాకదు. కరిగినా తగరం పేరు మారదు."

ఆజం పకపకా నవ్వాడు. పట్టీలు చల్లారకముందే గుడ్డలో చుట్టుకొని మూటల దగ్గరున్న ఖాజాబీ వైపు పరుగెత్తాడు. "ఏమే, ఇవి వెండికన్న మూడు ఎక్కువంట!"

సంగతంతా విని ఆమె చెంపన వేలుంచుకుంది. "ముందే చెప్తే మీ అక్కల ముంగట కాళ్లు చాపుకొని కూసుందును గద!"

"వెండివి తేలేదని కోపం లేదా?"

"వెండివైతే ఏటా విప్పుకపోయి, చేతులు కాల్చుకొని, తెల్లగ చేసి తెచ్చేటోడు ఎవడుండె?" అంటూ కాలు ముందుకు చాపింది. ఆజం వంగి, చల్లారిన పట్టీలు తొడిగాడు.

బస్సొచ్చింది. మెట్లమీద పట్టీలు ఘల్లుమన్నాయి. హనుమంతు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు, బస్సు మలుపు తిరిగే దాకా.

దాబా వెనక కళాయి గుంట చల్లారింది. బూడిదలో జారిపడిన తగరపు చుక్క ఒకటి, శనగగింజంత, తెల్లగా మెరుస్తూ ఉంది.