తుపాకీకి ఇంటావిడ సాక్ష్యం

మా ఆయన తోకుజీకి అరవై ఆరో ఏట వేట మీదికి మనసు పోయింది. నలభై ఏళ్లు సోయా పాలు విరిచి టోఫు చేసి అమ్మిన మనిషి. కొట్టు మూసేశాక ఏం తోచక కూర్చున్నాడు. ఆ ఏడు అడవిపందులు కొండవార చిలగడదుంప చేలన్నీ కుళ్లగించిపోయాయి. మా ఊళ్లో మిగిలిన వేటగాళ్లు నలుగురే. అందరికన్నా చిన్నవారు హమాసే గారు, ఆయనకే డెబ్బై ఒకటి. ఆయనే ఇంటికొచ్చి, నువ్వన్నా మాతో చేరమని అడిగారు.

తుపాకీ అనుమతికి పెట్టే రాత పరీక్ష మొదటిసారే గట్టెక్కాడు. డాక్టరు కాగితం వచ్చింది. మైదానంలో ఎగిరే మట్టి పలకల్ని కొట్టే పరీక్షా అయింది. అంత హుషారు పెళ్లయిన కొత్తలో కూడా చూళ్లేదు నేను. ఇక మిగిలింది పోలీసు విచారణ. తుపాకీ అడిగినవాడి ఇంటికొచ్చి, మనిషి ఎలాంటివాడని పెళ్లాన్ని విడిగా కూర్చోబెట్టి అడుగుతారు.

ఆ రోజు దగ్గరపడేకొద్దీ నాకు భయం పట్టుకుంది. ఆయన తాగడు, చెయ్యెత్తడు. నా భయం వేరే. కిందటి నెల ఎరువు కోసం కారులో వెళ్లి, నడుచుకుంటూ తిరిగొచ్చాడు. మర్నాడు పొద్దున కారు ఎవరో ఎత్తుకుపోయారన్నాడు. అది ఎరువుల కొట్టు ముందే ఉంది. అంతకుముందు రెండుసార్లు నన్ను చచ్చిపోయిన వాళ్లక్క పేరుతో పిలిచాడు. పెద్దతనం అనుకుని ఎవరికీ చెప్పలేదు.

పోలీసాయన కురాతా గారు మధ్యాహ్నం వచ్చారు. టీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. వెనక గదిలో మా ఆయన తుపాకీ పెట్టే ఇనప బీరువాని గోడకి బిగిస్తున్నాడు, సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి. తాగుడు, అప్పులు, కోపతాపాలు అన్నీ అడిగారు. లేవని చెప్పాను. కురాతా గారు కాగితం మడవబోతూ, ఇంకేమైనా చెప్పాలా అమ్మా అన్నారు.

అప్పుడే సుత్తి ఆగింది.

లేదు అంటే సరిపోయేది. కానీ కొండ మీద ఆ ముసలాళ్ల మధ్య, గుండు నింపిన తుపాకీతో, తనెక్కడున్నాడో మర్చిపోయి నిలబడ్డ మా ఆయన కళ్లముందు కనిపించాడు.

"ఆయన మర్చిపోతున్నారండీ," అన్నాను. కారు సంగతంతా చెప్పేశాను. కురాతా గారు అంతా రాసుకుని వెళ్లిపోయారు.

వెనక గది తలుపు వెంటనే తెరుచుకోలేదు. తెరుచుకున్నాక ఆయన నా మొహం చూడకుండా చెప్పులేసుకుని బయటికి పోయాడు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నేను వడ్డిస్తే తిన్నాడు, లేకపోతే లేదు. ఆ మూడు రోజులూ ఆయన ఎటు వెళ్లినా నా చెవి అటే ఉండేది.

నాలుగో రోజు పొయ్యి దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"మైదానంలో పరీక్ష అయ్యాక," అన్నాడు, "తుపాకీలోంచి గుండు తీశానో లేదో గుర్తు రాలేదు సుమీ. తెరిచి చూస్తే ఉంది. ఎవరూ చూళ్లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆ పోలీసాయన అడిగేదాకా నువ్వు కారు సంగతి ఎవరికైనా చెప్పావా?"

నేను పొయ్యి మీది గిన్నె దించాను.

మర్నాడు తనే స్టేషన్‌కెళ్లి దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు. హమాసే గారు మా గుమ్మంలో నిలబడి, ఉన్న ఒక్క ఆశా తుడిచిపెట్టావు కదమ్మా అన్నారు. తలొంచుకుని విన్నాను. వారం తర్వాత పట్నం ఆసుపత్రిలో పరీక్షలు చేసి, మతిమరుపు జబ్బు మొదలైందన్నారు, ఇంకా తొలిదశే అన్నారు. వచ్చేటప్పుడు కారు నేనే నడిపాను.

నవంబరు నడుమ వేట మొదలైన రోజు పొద్దున కొండ మీద తుపాకులు మోగాయి. ఆయన తినడం ఆపి చెవొగ్గి విన్నాడు. ఎవరూ పొరపాటు చెయ్యకపోతే బావుణ్ణు అన్నాడు. తర్వాత గిన్నె ముందుకు జరిపి ఇంకొంచెం పులుసు పొయ్యమన్నాడు.